దూలానికి కట్టిన మూట

2 మార్చి 2025, ఆదివారం

మా అమ్మి ప్రవీణ చూసే పద్నాలుగు పల్లెల్లో పదకొండు నెలలుగా కాన్పులో ఒక్క తల్లి కూడా పోలేదు. ఒక్కరంటే ఒక్కరు కూడా.

ఇది రాయడానికే ఈ నోటుబుక్కు కొన్నాను, సెమిలిగుడ బస్టాండు పక్క కొట్లో. నోటితో చెప్పకూడదు మరి. అమ్మి ఒట్టు వేయించుకుంది. మార్చి ముప్పై ఒకటికి గవర్నమెంటు ఏడాది పూర్తవుతుంది, అప్పటిదాకా ఎవరి దగ్గరా నోరు విప్పొద్దు, ఇంకా నెలలు నిండినవాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు అంది. సరే అన్నాను. అనడం సులువే, ఊరుకోవడమే కష్టం. కాగితమైతే చుట్టాలకి ఫోన్ చెయ్యదు కదా.

లాగ్‌బుక్కు అలవాటు, పేరు డ్యూటీ ముందు రాయాలి. ఎం. గంగరాజు, వయసు డెబ్బై, చదువు ఏడో తరగతి, ఒడిశా దామంజోడి పంపు హౌసులో ఆపరేటరు, రిటైర్డు. కూతురు ప్రవీణ, బీఎస్సీ నర్సింగు, దసమంతపూర్ అవతల కెందుగుడ అనే ఊళ్ళో హెల్త్ సెంటరుకి ఆఫీసరు. నా కూతురు ఆఫీసరు. మళ్ళీ రాస్తాను. ఆఫీసరు.

పంపు హౌసులో ముప్పై ఏళ్ళు రీడింగులు రాశాను. లాగ్‌బుక్కులో సున్నా రాయాల్సి వచ్చిందంటే ఆ రోజు మన పని అయిందన్నమాటే. పంపు ఆగింది, టౌన్‌షిప్‌లో నీళ్ళు లేవు, ఫోన్లు, తిట్లు. అలాంటిది నిన్న అమ్మి వీడియో కాల్‌లో సెంటరు గోడ మీది బోర్డు చూపించింది. నెలకి ఒక గడి. పదకొండు గడుల్లో పదకొండు సున్నాలు. సున్నా ఇంత అందంగా ఉంటుందని నాకు డెబ్బై ఏళ్ళకి తెలిసింది.

బోర్డు కింద అంతకుముందు మూడేళ్ళవి కూడా రాసి ఉన్నాయి. మూడు. నాలుగు. మూడు.

5 మార్చి

చెప్పలేదు. టీ కొట్టు దగ్గర నోటిదాకా వచ్చింది. దాంతో పాటు టీ కూడా మింగేశాను.

9 మార్చి, ఆదివారం

ఉండలేక బస్సెక్కేశాను. దసమంతపూర్‌లో దిగి, ఆటోలో కెందుగుడ.

అమ్మిని ఇక్కడ వేసిన కొత్తలో సెంటరు తాళానికి తుప్పు పట్టి ఉండేదట. వారానికి రెండు రోజులు తెరిస్తే గొప్ప, అదీ పెద్దవాళ్ళెవరైనా వస్తున్నారంటేనే. బోరు ఉంది గానీ మోటారు పనిచెయ్యదు. కాగితం మీద ఆ మోటారు రెండుసార్లు బాగైంది. ఏ ఆఫీసు కాగితమో ఇక్కడ రాయను, ఆ మనుషులు ఇప్పుడు అక్కడ లేరు కూడా. నీళ్ళు లేనిచోట కాన్పులు చెయ్యకూడదని రూలు. రూలు మంచిదే. దాని దయవల్ల కాన్పులన్నీ ఇళ్ళలోనే అయ్యేవి.

అమ్మి ప్రతి సోమవారం ఒక ఉత్తరం పెట్టింది. ఇరవై మూడు సోమవారాలు. ఆఖరికి అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ రోజున కింద గూడెం ఆడవాళ్ళు ఆరుగురు ఖాళీ బిందెలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి హాల్లో లైను కట్టారట. కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఏమిటిది అని అడిగింది. అందులో ఒక ముసలామె, సెంటరుకి మోటార్లం మేమేనమ్మా, మమ్మల్ని రెండుసార్లు బాగు చేశామని రాసుకున్నారట కదా, ఎక్కడ బాగు చేశారో చూపించుకుని పోదామని వచ్చాం అందట. హాలంతా నవ్వు. ఆఫీసరమ్మ మాత్రం నవ్వలేదట. పదో రోజుకి నిజం మోటారు వచ్చింది. దాన్ని బోరులోకి దింపిన రోజు నేనూ ఉన్నాను, కేబులు జాయింటు నేనే వేశాను. ముందు ఎర్ర నీళ్ళు, తరవాత తెల్ల నీళ్ళు. బిందెల ఆడవాళ్ళు మోటారు స్టార్టరుకి బొట్టు పెట్టారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా పంపుకి ఎవరూ బొట్టు పెట్టలేదు.

ఇంత చేసినా మనుషులు రాలేదట. తలుపు తెరిచే ఉంది, నీళ్ళు ఉన్నాయి, అంబులెన్సు కల్వర్టు దాకా వస్తుంది, అయినా నొప్పులు పడుతున్న మనిషి గడప దాటదు. ఇంటి మగవాడు ఊ అనాలి. అతను ఇటుక బట్టీలో ఉంటాడు, లేదా కొండ మీద పోడు దగ్గర, లేదా తాగి పడుకుని. ఊ అనేవాడు లేక ఆలస్యం, ఆలస్యంలో ప్రాణం.

అప్పుడు అమ్మి మూట కనిపెట్టింది. ఏడో నెల రాగానే ఇంటి మగవాడి చేత మూట కట్టిస్తుంది. రెండు పాత చీరలు, బిడ్డకి గుడ్డలు, ఆధార్ కార్డు, కాస్త చోడిపిండి. గూడెం ఆడవాళ్ళందరూ చూస్తుండగా ఆ మూటని అతనే అరుగు మీది దూలానికి వేలాడదీయాలి. మాట ముందే ఇచ్చేసినట్టన్నమాట. ఆ తరవాత నొప్పులొస్తే ఎవర్నీ అడగక్కర్లేదు. మూట వేలాడుతోందా లేదా చూడటం, తీసుకుని నడిచిపోవడం.

కింద గూడెం సెంటరుకి ఒక కిలోమీటరు. అరుగుల వెంట నడిచాను. నాలుగు మూటలు వేలాడుతున్నాయి. ఎర్ర గుడ్డ మూట సోనిది. ఇరవై ఏళ్ళ పిల్ల, మొదటి కాన్పు, మొగుడు హైదరాబాదు దగ్గర ఇటుక బట్టీలో. మామగారు కట్టాడట. నన్ను చూసి సిగ్గుపడి లోపలికి పోయింది.

ఇంత ఆలోచన నీకెలా వచ్చింది అమ్మీ అని అడిగాను. నా వైపు ఒకసారి చూసి, మూటల లెక్క రిజిస్టరులో రాసుకుంది. ఎందుకు అలా చూసిందో నాకు తెలుసు.

12 మార్చి

మా బావమరిది తిరుపతిరావు రాయగడ నుంచి ఫోన్ చేశాడు. రైల్వే మనిషి, వాడికి చెప్తే స్టేషన్ మైకులో చెప్పినట్టే. "ఏటి బావా, గొంతులో ఏదో అడ్డం పడినట్టు మాటాడతన్నావ్, లాటరీ గానీ తగిలిందేటి?" అన్నాడు. జలుబు అన్నాను. వాడి చెల్లెలి కూతురి సంగతి వాడి దగ్గరే దాచాను.

16 మార్చి

పద్మకుమారి గురించి రాయాలి. రేపు రాస్తాను.

17 మార్చి

రాయలేదు. పెరట్లో కుళాయికి వాషరు మార్చాను.

20 మార్చి, మధ్యాహ్నం 3 గంటలు

ఇప్పుడు రాస్తాను.

పద్మకుమారి నా భార్య. 1991 ఆగస్టులో, ప్రవీణ పుట్టిన రోజునే పోయింది. ఇరవై నాలుగేళ్ళు. ఆ పొద్దున్న నాకు ఫస్ట్ షిఫ్టు. బయల్దేరేముందు నడుం నొప్పి అంది. పురిటికి సాయంగా మా అప్ప అప్పలకొండమ్మ సాలూరు నుంచి వచ్చి ఉంది. నేను చెప్పులేసుకుంటూ, నేనొచ్చేవరకూ ఎక్కడికీ కదపొద్దు అన్నాను. ఎందుకు అన్నానంటే కారణం ఏమీ లేదు. ఇంటి మగవాణ్ణి, ఏదో ఒకటి చెప్పి వెళ్ళాలి, చెప్పాను.

రిలీవరు రాలేదు. డబుల్ డ్యూటీ చేశాను. బిడ్డ మధ్యాహ్నమే పుట్టిందట. రక్తం ఆగలేదు. ఎదురింటాయన జీపు తెచ్చి గుమ్మం ముందు పెట్టి హారన్ కూడా కొట్టాడట. ఆసుపత్రి ఇరవై నిమిషాల దారి, తెరిచే ఉంది, డాక్టరమ్మ కూడా ఉంది. ఇవన్నీ తరవాత విచారించుకుని తెలుసుకున్నాను. అప్ప జీపు ఎక్కించలేదు. తమ్ముడు కదపొద్దన్నాడు, తమ్ముడు రావాలి అంది.

నేను వచ్చేసరికి జీపు ఇంకా అక్కడే ఉంది.

కర్మల రోజున చుట్టాలందరి ముందూ అప్పని నిలదీశాను. జీపు ఉండగా ఎందుకు పంపలేదు, నీ చేతులతో చంపేశావు అన్నాను. అప్ప తల దించుకుంది. "నువ్వే కదరా వద్దన్నావు" అని ఒక్క మాట అనలేదు. అప్పుడూ అనలేదు, ఈ ముప్పై మూడేళ్ళలోనూ అనలేదు. పాలు పట్టి నా కూతుర్ని పెంచింది. ఇప్పటికీ మా చుట్టాల్లో అప్ప వల్లే పద్మ పోయిందనే మాట ఉంది. విని ఊరుకుంటాను.

అమ్మికి తెలుసు. నర్సింగు చదివేటప్పుడు ఒకసారి అడిగింది, అమ్మని ఎందుకు తీసుకెళ్ళలేదు అని. అప్పుడు ఒక్కసారి నిజం చెప్పాను.

29 మార్చి, శనివారం

రేపు ఉగాది. వేపపువ్వు, కొత్త బెల్లం, మామిడికాయలు సంచిలో పెట్టుకుని కెందుగుడ వచ్చేశాను. దారంతా ఇప్పపువ్వు వాసన. మగవాళ్ళందరికీ చైత్ పరబ్ పండగ హడావిడి, రేపు కొండకి వేటకి పోతారట. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడ చల్లి ఏడిపిస్తారట. పేడకి భయపడి రెండు మూడు రోజులు దిగిరారు అని అమ్మి నవ్వింది.

ఎనిమిది మందిలో ఏడుగురికి కాన్పులు అయిపోయాయి. అందరూ బాగున్నారు. సోని ఒక్కతే మిగిలింది. ఇంకా వారం ఉందట, మార్చి దాటిపోతుందేమో అంది. దాటితే దాటనీ.

30 మార్చి, ఉగాది, సాయంత్రం 5

ఈ రోజు నేను కూడా ఒక మంచి పని చేశాను. అమ్మి ఏడాది రిపోర్టులు రాసుకుంటోందని, ఉగాది పచ్చడి గిన్నె పట్టుకుని నేనే కింద గూడెం వెళ్ళాను. ఉన్నట్టుండి గాలివాన. సోని వాళ్ళ అరుగు మీద నిలబడ్డాను. ఇంట్లో ఎవరూ లేరు, సోనితో సహా ఆడవాళ్ళు ఇప్పపువ్వు ఎత్తడానికి పోయారు, మగవాళ్ళు వేటకి పోయారు. జల్లు ఏటవాలుగా కొట్టి ఎర్ర మూట తడిసిపోతోంది. లోపల ఆధార్ కార్డు, బిడ్డ గుడ్డలు. వాన వస్తే మోటారు మీద టార్పాలిన్ కప్పడం ముప్పై ఏళ్ళ అలవాటు, చెయ్యి ఆగుతుందా. మూట విప్పి లోపల అటక మీద, పొడి చోట పెట్టి వచ్చాను. పచ్చడి గిన్నె గడప దగ్గర పెట్టాను.

పొద్దు బాగుంది. పచ్చడిలో అమ్మి ఉప్పు మరిచిపోయింది.

31 మార్చి, సోమవారం, ఉదయం 10.50

రొప్పు తగ్గడానికి గూడెం మొదట్లో కల్వర్టు మీద కూర్చున్నాను. జేబులో ఈ పుస్తకం ఉంది.

అమ్మి పొద్దున్నే రిపోర్టులు ఇవ్వడానికి దసమంతపూర్ పోయింది. పదింటికి గూడెం ఆశా వర్కరు సుభశ్రీ దీదీ పరిగెత్తుకుంటూ సెంటరుకి వచ్చింది. సోనికి తెల్లారుజామున నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సుకి ఫోన్ చేశానంది, కల్వర్టు దగ్గరికి వస్తోంది. కానీ మనిషిని ఎవరూ కదపడం లేదు. దూలానికి మూట లేదు. మామగారు వేటకి పోతూ పోతూ మనసు మార్చుకుని విప్పేశాడని అనుకుంటున్నారు. ఇచ్చిన మాట అతనే వెనక్కి తీసుకుంటే మేమెలా తీసుకెళ్తాం అంటున్నారు.

మాట ఇచ్చేశాక మూట ఎక్కడుంటే ఏమిటి, సంతకం పెట్టిన కాగితం బీరువాలో ఉన్నా చెల్లుతుంది కదా అని నేను అనుకున్నాను. అనుకున్నాను అని రాస్తున్నాను గానీ అసలు ఏమీ అనుకోలేదు.

అంబులెన్సు వచ్చి ఆగింది. హారన్ కొడుతున్నాడు. అదే హారన్.

సాయంత్రం 5.15

అంతా వరసగా రాయాలి.

గూడెంలోకి పరిగెత్తాను. అరుగు నిండా ఆడవాళ్ళు. లోపల సోని మూలుగు. మూట తీసింది నేనే, వానకి తడుస్తోందని తీశాను, మామగారు తియ్యలేదు అని వచ్చిన ఒడియాలో, రాని దేశియాలో మొత్తుకున్నాను. సోని అత్తగారు నన్ను పైకీ కిందకీ చూసింది. పరాయి ఊరి ముసలాడివి, మా ఇంటి మాట నువ్వెలా చెప్తావు, రేపు మా ఆయన దిగివచ్చి నన్నడిగితే నువ్వుంటావా అంది. ఆమె కళ్ళల్లో ఉన్నది కోపం కాదు, భయం. ఆ కళ్ళు నాకు తెలుసు. మా అప్పవి.

అటక మీద నుంచి మూట దింపి దూలానికి నేనే కట్టబోయాను. అది కుదరదు, కట్టాల్సిన చెయ్యి కాదది అన్నారు. సరే, పెద్ద మగవాణ్ణి, నేను చెప్తున్నాను తీసుకెళ్ళండి అనబోయాను. మళ్ళీ ఒక మగాడి మాటేనా అనిపించింది. మూట చేతిలో పట్టుకుని బొమ్మలా నిలబడ్డాను.

అప్పుడు సోని బయటికి వచ్చింది. గుంజ పట్టుకుని, కాళ్ళు దూరం దూరంగా వేస్తూ. మొన్న నన్ను చూసి సిగ్గుపడి లోపలికి పోయిన పిల్ల. నా చేతిలో మూట లాక్కుంది. దూలం వంక కూడా చూడలేదు. భుజానికి తగిలించుకుంది.

"మోర్ పేట్. ముయ్ జిబి," అంది.

నా కడుపు, నేను వెళ్తాను అని.

గట్టిగా కూడా అనలేదు. అరుగు దిగింది, మూడడుగులు వేసి నొప్పికి వంగిపోయింది. అంతే, ఎవరో తాడు తెంచినట్టు అందరూ కదిలారు. సుభశ్రీ ఒక రెక్క పట్టుకుంది. రెండో రెక్క ఎవరు పట్టుకున్నారనుకున్నారు, ఆ అత్తగారే. నేను వెనకాల ఉత్త చేతులతో నడిచాను. నా జీవితంలో చాలా పెద్ద యంత్రాలు చూశాను. వంద హార్స్‌పవర్ పంపు స్టార్టయితే నేల అదురుతుంది. ఆ పిల్ల వేసిన మూడడుగులకి అదిరినట్టు ఏదీ అదరలేదు.

అంబులెన్సు సెంటరుకి చేరేసరికి అమ్మి కూడా వచ్చేసింది. సుభశ్రీ ఫోను దారిలో అందిందట. ఒకటిన్నరకి ఆడపిల్ల పుట్టింది. ఆ తరవాత రక్తం ఆగలేదు. తలుపు అవతల నుంచి అమ్మి గొంతు వినపడుతోంది, సూది, సెలైను, ఇంకోటి, నొక్కు, వదలకు. నాకు చెయ్యగలిగిన పని ఒక్కటే ఉంది. మోటారు స్టార్టరు దగ్గరికి పోయి నిలబడ్డాను. లోపల కుళాయి తిప్పినప్పుడల్లా నీళ్ళు ఉండాలి. ట్యాంకు పొర్లుతున్నా ఆపలేదు. ఇరవై ఐదు నిమిషాలు.

అమ్మి బయటికి వచ్చింది. మోచేతుల దాకా కడుక్కుంటూ, ఆగింది నాన్నా అంది. నేను మోటారు గురించి అనుకుని, లేదమ్మా తిరుగుతూనే ఉంది అన్నాను. రక్తం నాన్నా అంది.

అప్పుడు మూట సంగతి చెప్పాను. దాచలేదు. తిడుతుందనుకున్నాను. చాలాసేపు చేతులు కడుక్కుంటూనే ఉంది.

"మూట తడిస్తే ఆరబెట్టుకుందుం నాన్నా," అంది. "మనిసిని ఏటి సేద్దుం?"

ఎంత చదివినా ఒక్కోసారి దాని నోట పెంచిన పెద్దత్త మాటే వస్తుంది.

చేతులు తుడుచుకుంటూ తనే మళ్ళీ అందుకుంది. తప్పు నాది కూడా, మాట ఇంకా మగవాళ్ళ చేతిలోనే ఉంచి కాస్త ముందుకి జరిపానంతే, సోని నాకంటే ముందుకి అడుగేసింది అంది.

1 ఏప్రిల్, మంగళవారం

పొద్దున్న అమ్మి బోర్డు మీద పన్నెండో గడిలో సున్నా చుట్టింది. చాక్‌పీస్ నా చేతికిచ్చి ఏడాది మొత్తం గడిలో నన్ను చుట్టమంది. రెండుసార్లు వంకరపోయింది. తుడిచి మళ్ళీ చుట్టాను.

లోపల సోని చోడిజావ తాగుతోంది. పిల్లని నా చేతుల్లో పెట్టింది. బరువు లేదు. ఇంత బరువు లేనిదాని కోసం నిన్న ట్యాంకు నీళ్ళన్నీ పొర్లించాను. మామగారు కొండ దిగివచ్చాడు, ఉత్త చేతులతోనే. ఏమంటాడోనని అందరం చూశాం. పేడనీళ్ళ మరకలతో గుమ్మం బయట నిలబడి, లోపలికి రావచ్చా అని కోడల్ని అడిగాడు. కోడల్ని అడిగాడు. నేను విన్నాను.

సాయంత్రం కింద గూడెం వెళ్ళాను. ఇంకా నెలలు నిండనివాళ్ళ మూడు అరుగుల మీదా మూటలు ఉన్నాయి గానీ ముడులు వేరుగా ఉన్నాయి. మగవాళ్ళు గట్టిగా బిగించి వేస్తారు. ఇవి ఒక్క లాగుకి ఊడేలా వేసిన జారుముడులు. మగవాళ్ళు కట్టినవి విప్పేసి ఆ ఆడవాళ్ళు ఎవరిది వాళ్ళే కట్టుకున్నారట. వాళ్ళకి అందేటంత కిందకి.

ఇక చెప్పుకోవచ్చు అంది అమ్మి.

2 ఏప్రిల్

చెప్పవలసినవాళ్ళు:

తిరుపతిరావు, రాయగడ. జలుబు కాదని కూడా చెప్పాలి.

కన్నారావు, మా తోడల్లుడు, పార్వతీపురం. ఆడపిల్లని అడవుల్లోకి ఉద్యోగానికి పంపుతావా అన్నవాడు. రెండుసార్లు చెప్పాలి.

మోనికా, అమ్మితో పాటు నర్సింగు చదివింది. చుట్టం కాదు. అయినా చుట్టమే.

పద్మకుమారి. ఇంటికి రాగానే చెప్పేశాను, ఫొటో తుడిచి.

అప్పలకొండమ్మ అప్ప, సాలూరు. ఫోన్లో కాదు. ఆరున్నర బస్సు. ముందు సున్నా సంగతి చెప్పాలి. తరవాత చుట్టాలందర్నీ పిలిపించి, వాళ్ళు వింటుండగా, వద్దన్నది నేనని చెప్పాలి.